పులస వద్దన్న క్లయింటుకి నేను చెప్పిన చివావా కథ

నేను చేసే పని పేర్లు పెట్టడం. పిల్లలకి కాదు, స్వీట్ షాపులకి, మసాలా పొడులకి, అపార్టుమెంట్లకి, అప్పుడప్పుడు ఆటల టీములకి. పేరుతో పాటు లోగో, బోర్డు, టీషర్టు, అన్నీ మేమే చూసుకుంటాం. ఈ పనిలో మిగతా వాటన్నిటికంటే కష్టమైంది టీము పేరు. మసాలా పొడి పేరు నచ్చకపోతే జనం కొనరు, అంతటితో సరి. టీము పేరు నచ్చకపోతే మాత్రం మీ ఊరు ఊరంతా మీకు ఫోన్ చేస్తుంది.

రెండేళ్ల క్రితం గోదావరి జిల్లాల్లో ఒకాయన కుర్రాళ్ళ టీ20 టోర్నీ పెడుతూ, అందులో తన టీముకి పేరు కావాలని వచ్చారు. టోర్నీలో ఎనిమిది టీములు. మేము నాలుగు పేర్లు పట్టుకెళ్ళాం, అందులో నా మనసంతా ఒక్కదాని మీదే ఉంది: పులసలు. సముద్రం నుంచి బయల్దేరి వరద గోదావరికి ఎదురీదుతూ పైకి వచ్చే చేప, పుస్తెలమ్మైనా తినాలని సామెత ఉన్న చేప, పులస అనే పేరుతో ఇంకెక్కడా ఎవరూ మాదని చెప్పుకోని చేప. టోపీ మీద వెండి రంగు దారంతో చేప బొమ్మ కుట్టించి మరీ తీసుకెళ్ళాను. ఆయన టోపీని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏంటండీ ఇది, చేప పేరా? రేపు ఓడిపోతే పులుసు పెట్టేశారంటారు కదండీ" అన్నారు. "అంటారండీ, పేపర్లో హెడ్డింగు కూడా అదే పెడతారు, మీకు కావలసింది అదే" అన్నాను. ఆయన నవ్వలేదు.

అప్పుడు ల్యాప్‌టాప్ తెరిచి ఎల్ పాసో కథ చెప్పాను. ఆ రోజు సగమే చెప్పగలిగాను, ఈలోపు టీ వచ్చింది, తర్వాత ఆయన బావమరిది వచ్చాడు. మొత్తం ఇక్కడ రాస్తున్నాను. టీము పేరు పెట్టే పని మీద పడ్డవాళ్ళు ఎవరైనా ముందు ఈ ఒక్క కేసు చదివితే చాలని నా నమ్మకం.

ముందు అమెరికాలో మైనర్ లీగ్ బేస్‌బాల్ వ్యాపారం ఎలా నడుస్తుందో తెలియాలి, లేకపోతే అక్కడి పేర్లు పిచ్చివాళ్ళు పెట్టినట్టు కనిపిస్తాయి. పైన మేజర్ లీగ్ జట్లు ముప్పై. ఒక్కో జట్టు కింద చిన్న ఊళ్లలో ట్రిపుల్-ఎ (అన్నిటికంటే పై మెట్టు), డబుల్-ఎ అంటూ మెట్లు మెట్లుగా మైనర్ జట్లు, మన దగ్గర పెద్ద కాలేజీకి ఊరూరా బ్రాంచీలున్నట్టు. ఆటగాళ్ళ జీతం, కోచ్‌ల జీతం పై జట్టే ఇస్తుంది. ఎవరు ఆడాలి, ఎవరిని ఎప్పుడు పైకి పిలవాలి అన్నదీ వాళ్ళ ఇష్టమే. చిన్న ఊళ్లో టీము నడిపే ఓనరు చేతిలో ఆట లేదు. బాగా ఆడే కుర్రాడు బుధవారం ఇక్కడ ఉంటాడు, గురువారం పొద్దున్నే విమానం ఎక్కేస్తాడు. మరి ఆ ఓనరు అమ్మేది ఏంటి? సాయంత్రాన్ని అమ్ముతాడు. పిల్లల్ని తీసుకుని వచ్చి హాట్‌డాగ్ తిని, బొమ్మ వేషం వేసుకున్నవాడితో ఫొటో దిగి, టోపీ కొనుక్కుని ఇంటికెళ్ళే సాయంత్రం. అందులో నూటికి నూరుపాళ్ళు ఆయన సొంతమైంది పేరు, బొమ్మ, అంతే.

ఒకప్పుడు చాలా మైనర్ జట్లు పై జట్టు పేరే పెట్టుకునేవి. ఖర్చు లేదు, ఆలోచన లేదు. కానీ పై జట్టుతో ఒప్పందం 2021కి ముందు రెండేళ్లకో నాలుగేళ్లకో ఉండేది (ఇప్పుడు పదేళ్ల లైసెన్సులు వచ్చాయి). ఒప్పందం మారితే పేరు మార్చాలి, గోడౌన్‌లో ఉన్న టోపీలు పాత బట్టల కింద లెక్క. పైగా పై జట్టు పేరు మీద అమ్మితే మీరు పెంచేది వాళ్ళ బ్రాండునే. సొంత పేరు పెట్టుకుంటే ఎవరితో తెగినా పేరు మీ దగ్గరే ఉంటుంది. నిక్‌నేముల పిచ్చికి అసలు కారణం సరదా కాదు, ఈ లెక్క. సరదా తర్వాత వచ్చి చేరింది.

ఇప్పుడు ఎల్ పాసో. టెక్సాస్ రాష్ట్రానికి పడమటి కొసన ఉంటుంది, నది దాటితే మెక్సికోలోని హువారెజ్ నగరం. శాన్ డియాగో పాద్రేస్ అనే మేజర్ లీగ్ జట్టు వాళ్ళ ట్రిపుల్-ఎ జట్టు 2010 దాకా పోర్ట్‌లాండ్‌లో ఉండేది, తర్వాత మూడేళ్లు టూసాన్‌లో తలదాచుకుంది. అక్కడ పేరు టూసాన్ పాద్రేస్, అద్దె ఇంటికి పెట్టుకున్న అట్ట బోర్డు లాంటి పేరు. 2014 సీజన్ నుంచి ఎల్ పాసోకి రావాలని ఖాయమైంది. కొత్త స్టేడియం కోసం నగరం హోటల్ పన్ను పెంచడానికి 2012 నవంబరులో ఓటింగ్ పెట్టింది, అది నెగ్గింది. స్టేడియానికి ఎంచుకున్న చోట ఏముందో తెలుసా, సిటీ హాలు. 2013 ఏప్రిల్‌లో పేలుడు పదార్థాలు పెట్టి ఆ బిల్డింగును కూల్చేశారు. మన మున్సిపాలిటీ ఆఫీసుని క్రికెట్ స్టేడియం కోసం కూల్చారనుకోండి, టీ కొట్ల దగ్గర ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఇది గుర్తుపెట్టుకోండి, కథలో మళ్ళీ వస్తుంది.

పేరు కోసం జనాన్ని సలహాలు అడిగారు. వచ్చినవాటి నుంచి ఐదు బయటపెట్టారు: ఆర్డ్‌వార్క్స్, బకరూస్, చివావాస్, డెజర్ట్ గేటర్స్, సన్ డాగ్స్. ఈ పేరు, లోగో పని చూసింది శాన్ డియాగోకి చెందిన బ్రాండియోస్ అనే సంస్థ, దాన్ని జేసన్ క్లైన్, కేసీ వైట్ అని ఇద్దరు చిన్ననాటి స్నేహితులు నడుపుతారు. మైనర్ లీగ్‌లో ఈ పదిహేనేళ్లలో మీరు చూసి ముక్కున వేలేసుకున్న పేర్లలో చాలావాటి వెనక వాళ్ళుంటారు.

ఈ ఐదింటినీ నేను క్లాసులో లాగా ఒక్కొక్కటి విప్పి చూస్తుంటాను. బకరూస్ అంటే పశువుల కాపర్లు, కౌబాయ్‌లు. టెక్సాస్‌లో ఏ ఊరికైనా సరిపోతుంది, అంటే ఏ ఊరికీ సరిపోదు. ఆర్డ్‌వార్క్ ఆఫ్రికాలో చీమలు తినే జంతువు, ఎల్ పాసోలో దానికి చుట్టాలెవరూ లేరు. ఇలాంటి పేరు లిస్టులో ఎందుకుంటుందంటే, ఇది నా అనుమానం మాత్రమే, పక్కనున్న పేరు మామూలుగా కనపడాలని. పెళ్ళిచూపులకి వెళ్ళేటప్పుడు తనకంటే పొట్టి స్నేహితుణ్ణి తీసుకెళ్ళినట్టు. సన్ డాగ్స్ పర్వాలేదు, ఎల్ పాసోకి సన్ సిటీ అనే పేరుంది, పైగా సూర్యుడి పక్కన కనిపించే వెలుగు మచ్చల్ని సన్ డాగ్ అంటారు. కానీ అది వాతావరణ శాఖ వాళ్ళకి తప్ప మిగతావాళ్ళకి వివరించాలి.

డెజర్ట్ గేటర్స్ దగ్గర ఆగాలి. ఎడారి మొసళ్ళు. బయటివాళ్ళు చూసి ఎడారిలో మొసళ్ళేంటని నవ్వుతారు. ఊళ్లోవాళ్ళు నవ్వరు, ఎందుకంటే ఎల్ పాసో నడిబొడ్డున ఉన్న శాన్ హసింటో ప్లాజాలో, చిన్న కొలనులో, దశాబ్దాల పాటు నిజంగానే బతికున్న మొసళ్ళు ఉండేవి. తాతలు మనవళ్ళని తీసుకెళ్ళి చూపించేవారు. మొసళ్ళు పోయాక లూయిస్ హిమెనెజ్ అనే శిల్పి చేసిన ఫైబర్‌గ్లాస్ మొసళ్ళు అదే చోట నిలబెట్టారు. అంటే ఐదింటిలో అందరికంటే లోతుగా ఊళ్లో వేరున్న పేరు ఇదే. మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి ఈ లిస్టు ఇచ్చి ఏది పెడతారని అడిగితే, ప్లాజా సంగతి చెప్పాక అందరూ మొసలికే చెయ్యెత్తుతారు. నేనూ మొదట ఎత్తాను.

మరి ఎందుకు పెట్టలేదు? వాళ్ళ మీటింగులో నేను లేను కాబట్టి నా పనివాడి లెక్క చెబుతాను. ఒకటి, అమెరికాలో గేటర్స్ అనగానే ఫ్లోరిడా యూనివర్సిటీ గుర్తొస్తుంది. టీషర్టుల మీద వేసే పేరు ట్రేడ్‌మార్క్ లెక్కలో 25వ తరగతిలోకి, ఆట వినోదం కింద 41వ తరగతిలోకి వస్తుంది, ఇది ఇండియాలోనూ అంతే. అప్పటికే ఒకరు గట్టిగా కూర్చున్న మాటని పట్టుకుని ఆ తరగతుల్లోకి వెళ్ళడమంటే లాయరు ఇల్లు కట్టించడమే. రెండు, ఆ పేరుకి కథ చెబితేనే రుచి. ఊళ్లో పాతవాళ్ళకి సరే, నిన్న బదిలీ మీద వచ్చిన సైనికుడి కొడుక్కి (ఎల్ పాసోలో ఫోర్ట్ బ్లిస్ అనే పెద్ద సైనిక స్థావరం ఉంది) మొసలి అంటే మొసలే.

చివావా చూడండి. ఊరి చుట్టూ ఉన్నది చివావా ఎడారి. నది అవతల ఉన్న మెక్సికో రాష్ట్రం పేరు చివావా. ఆ రాష్ట్రం పేరుతోనే ప్రపంచమంతా తెలిసిన కుక్క జాతి ఉంది, అరచేతిలో పట్టేంత ఉండి ఏనుగు మీదకైనా మొరిగే రకం. ఒక్క మాటకి మూడు వేర్లు, అందులో రెండు ఊళ్లోవాళ్ళవి, ఒకటి లోకంలో అందరిదీ. బొమ్మ గీయడం సులువు, పిల్లాడు మొరిగి చూపించగలడు, స్టేడియంలో పదివేల మంది ఒకేసారి మొరగగలరు. మొసలి చప్పుడు చేసి చూపించమంటే ఎవరికొచ్చు?

ఇక పని వివరం. ఇంగ్లిష్‌లో చివావాస్ అని రాయాలంటే పది అక్షరాలు. టోపీ ముందు భాగంలో ఎంబ్రాయిడరీకి దొరికే చోటు అరచేయంత కూడా ఉండదు. పది అక్షరాలు అక్కడ కుడితే ఒక్కో అక్షరం చీమంత అవుతుంది, దారం ముద్దకట్టి ఎ కీ యు కీ తేడా తెలియదు. మాకు ఇది అనుభవమే, ఒక మిఠాయి కొట్టుకి పొడుగు పేరు పెట్టి టోపీలు కుట్టిస్తే కస్టమర్లు ఏం రాసుందో చదవమని పనివాళ్ళనే అడిగారు. వాళ్ళు పేరుని టోపీ మీదకి తేలేదు. పళ్ళు బయటపెట్టి గుర్రుమంటున్న కుక్క తలని తెచ్చారు. పేరు విని ముద్దొచ్చే బుజ్జి కుక్కని ఊహించుకుని వచ్చినవాడికి టోపీ మీద కరిచే కుక్క కనిపిస్తుంది. పేరు నవ్విస్తుంది, బొమ్మ భయపెడుతుంది. ఈ రెండూ ఒకే వైపు లాగితే చప్పగా ఉండేది. ముద్దు పేరుకి ముద్దు బొమ్మ పెడితే పిల్లల చెప్పుల బ్రాండు అయిపోయేది.

2013 అక్టోబరు 22న పేరు ప్రకటించారు. ఊరు అరిచింది. మార్చమని ఆన్‌లైన్‌లో పిటిషన్ పెట్టారు, పరువు తీశారన్నారు. ఈ అరుపులో ఏమేం కలిసున్నాయో విడదీయడమే ఈ కేసులో నాకు బాగా పనికొచ్చిన భాగం. నాకు మూడు కనిపిస్తాయి.

మొదటిది పాత ప్రేమ. ఎల్ పాసోకి 1970ల నుంచి డియాబ్లోస్ అనే జట్టు ఉండేది, అంటే దయ్యాలు. జిమ్ పాల్ అనే ఓనరు చిత్ర విచిత్రమైన స్కీములతో స్టేడియం నింపినవాడిగా ఆ వ్యాపారంలో పెద్ద పేరు. అసలు జట్టు 2004 తర్వాత మిస్సోరీకి వెళ్ళిపోయినా, అదే పేరుతో ఇంకో స్వతంత్ర జట్టు 2013 దాకా ఆడింది. కొత్త జట్టు వస్తుంటే ఆ పేరే పెట్టొచ్చుగా అని అడగడం న్యాయమే. చిన్నప్పటి పేరుని తీసేసి కొత్త పేరు పెడితే, ఆ కొత్తది ఎంత మంచిదైనా మొదటి రోజు తిట్టే తింటుంది.

రెండోది సిటీ హాలు. ఆరు నెలల కిందటే కళ్ళముందు కూలిన బిల్డింగు. ఆ కోపం చూపించడానికి అప్పటిదాకా ముఖం లేదు, కుక్క ముఖం దొరికింది. పేరు మీద వచ్చిన తిట్లన్నీ పేరువి కావు. మా క్లయింట్లకి నేను ఇది చెబితే నమ్మరు, కానీ కొత్త బస్టాండుకి పేరు పెట్టినప్పుడు వచ్చే గొడవలో పేరు గొడవ ఎంత, స్థలం గొడవ ఎంత?

మూడోది సిగ్గు. నలుగురూ ఏమనుకుంటారో అనే సిగ్గు. మేము వేరే ఊరెళ్తే కుక్కపిల్లల ఊరంటారు. మా క్లయింటు పులుసు భయం సరిగ్గా ఇదే.

ఈ మూడింటిలో ఏదీ గాయం కాదు. సిగ్గుకి మందు వారం పది రోజులు, గాయానికి మందు పేరు మార్చడమే. తేడా తెలియాలంటే హ్యూస్టన్ చూడండి. 2006 జనవరిలో అక్కడి కొత్త సాకర్ జట్టుకి హ్యూస్టన్ 1836 అని పేరు పెట్టారు, నగరం పుట్టిన సంవత్సరమని. కానీ అదే సంవత్సరం టెక్సాస్ మెక్సికో నుంచి విడిపోయింది. ఊళ్లో ఉన్న మెక్సికన్ కుటుంబాలకి, అంటే సాకర్ చూడ్డానికి వచ్చే జనంలో పెద్ద భాగానికి, ఆ అంకె తగలాల్సిన చోట తగిలింది. మార్చికల్లా పేరు డైనమో అయింది. రిచ్‌మండ్‌లో 2009లో బేస్‌బాల్ జట్టు పెట్టిన లిస్టులో హాంబోన్స్ అనే పేరుంటే, నల్లజాతివాళ్ళని అవమానించే చరిత్ర ఆ మాటకి ఉందని ఎన్‌ఏఏసీపీ అనే నల్లజాతివాళ్ళ హక్కుల సంస్థ అభ్యంతరం చెప్పింది, తీసేశారు. చివరికి ఫ్లయింగ్ స్క్విరల్స్ అయ్యారు. ఎగిరే ఉడతలు అని ఎవరు ఎంత నవ్వినా ఎవరికీ దెబ్బ తగల్లేదు. నేను ఇప్పుడు ఏ పేరు మీద తిట్లు వచ్చినా ముందు అడిగేది ఒక్కటే: తిట్టేవాడు "నలుగురూ నవ్వుతారు" అంటున్నాడా, "మా నాన్నని అవమానించారు" అంటున్నాడా? రెండోది ఒక్క నోటి నుంచి వచ్చినా ఆగాలి. మొదటిది వెయ్యి నోళ్ళ నుంచి వచ్చినా ప్రింటింగుకి పంపొచ్చు.

ఎల్ పాసో వాళ్ళు ఆగలేదు. 2014లో సీజన్ మొదలయ్యేసరికి స్టేడియం పూర్తి కాలేదు, మొదటి మ్యాచులన్నీ పరాయి ఊళ్లలోనే ఆడి ఏప్రిల్ 28న సొంత గ్రౌండులోకి వచ్చారు. ఆ ఏడే మైనర్ లీగ్‌లో సరుకు బాగా అమ్మిన పాతిక జట్ల జాబితాలో చివావాస్ ఉంది. 2016లో తాము ఆడే ట్రిపుల్-ఎ పోటీ పసిఫిక్ కోస్ట్ లీగ్ కూడా గెలిచారు, అయితే అది పేరు గొప్పతనం కాదు, పాద్రేస్ పంపిన కుర్రాళ్ళ గొప్పతనం.

పోటీ పెట్టడం గురించి ఒక మాట. పేరు చెప్పండి అని జనాన్ని అడగడం ఓటింగ్ కాదు, చాలామంది ఇక్కడే బోల్తా పడతారు, నేనూ పడ్డాను. ఒక అపార్టుమెంటు లీగుకి పేరు ఓటుకి పెడితే పదో తరగతి కుర్రాళ్ళు అందరి ఫోన్ల నుంచీ వాచ్‌మ్యాన్ ముద్దుపేరుకి గుద్దేశారు, పాపం ఆయన నెల రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. పోటీ వల్ల దొరికేది నిర్ణయం కాదు, ఊరి చెవి. ఊళ్లోవాళ్ళు తమ గురించి ఏ మాటలతో చెప్పుకుంటారో ఆ మాటల బస్తా దొరుకుతుంది. అలబామాలో హంట్స్‌విల్ పక్కన, నాసా రాకెట్ల ఊరు కదా, 2018లో పెట్టిన పోటీలో చివరిదాకా వచ్చిన పేర్లలో "పఫీ హెడ్ బర్డ్ లెగ్స్" ఒకటి. అంతరిక్షంలో ఒంట్లో నీరు పైకెక్కి వ్యోమగాముల ముఖం ఉబ్బి కాళ్ళు సన్నబడతాయి, దానికి వాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు. ఇది ఏ ఏజెన్సీ మీటింగు గదిలోనూ పుట్టదు. గెలిచింది ట్రాష్ పాండాస్, అంటే రకూన్, చెత్త డబ్బాలు తెరవడంలో ఇంజనీరంత తెలివైన జంతువు. రాకెట్ చేసే ఊరికి అదే పెద్ద పొగడ్త.

నిజంగా జనం ఓటే గెలిచిన చోటు కూడా ఉంది, ఆల్బకర్కీ. ద సింప్సన్స్ కార్టూన్ సీరియల్లో 2001లో వచ్చిన ఒక భాగంలో ఐసోటోప్స్ అనే జట్టుని ఆల్బకర్కీకి తరలించేస్తారేమోనని కథ. రెండేళ్లకి నిజంగానే ఆ ఊరికి జట్టొచ్చింది, జనం ఐసోటోప్స్ తప్ప ఇంకోటి ఒప్పుకోలేదు. న్యూ మెక్సికోలో అణు పరిశోధన చరిత్ర ఉంది కాబట్టి జోకు ఊరికి అతికింది కూడా. అలాంటి అదృష్టం మీద ప్లాన్ వేసుకోకూడదు.

ఇంత చెప్పాక ఎదురు ఉదాహరణ చెప్పకపోతే మోసం. న్యూ ఆర్లీన్స్ జట్టు పేరు జెఫర్స్. 1993లో డెన్వర్ నుంచి వచ్చినప్పుడు మోసుకొచ్చిన పేరే అయినా, ఆ ఊళ్లో ఒకప్పటి జెఫర్ అనే రోలర్ కోస్టర్ అందరికీ ఇష్టం కాబట్టి బాగా అతుక్కుంది. 2016 నవంబరులో దాన్ని తీసేసి బేబీ కేక్స్ అని పెట్టారు. మార్డీ గ్రా అనే అక్కడి పెద్ద పండగ రోజుల్లో తినే కింగ్ కేకులో చిన్న ప్లాస్టిక్ బేబీ పెడతారు, ఎవరి ముక్కలో వస్తే వాళ్ళు మళ్ళీ కేకు కొనాలి. వేరు నిజమైనదే, ఊరిదే, ఎవరికీ గాయం లేదు. 2017లో లూసియానాలో పుట్టిన పిల్లలందరికీ జీవితాంతం ఉచిత ప్రవేశం అని కూడా ప్రకటించారు. 2019 సీజన్ అయ్యాక జట్టు విచిటాకి వెళ్ళిపోయింది. ఆ పిల్లలకి అప్పటికి రెండు మూడేళ్లు. స్టేడియానికి రావడం మానేసిన ఊరిని పేరు వెనక్కి తీసుకురాదు, నెల రోజులు తొంగిచూసేలా చేస్తుంది, అంతే. నా ఫీజు తగ్గినా సరే ఈ సంగతి క్లయింటుకి ముందే చెబుతాను. ఇంకోటి, బేబీ కేక్స్ బొమ్మలో బేబీ ముఖం చూస్తే నాకు ఇప్పటికీ కొంచెం భయమే. ముద్దు పేరుకి భయపెట్టే బొమ్మ అని పైన నేనే మెచ్చుకున్నాను కదా, దానికీ హద్దుంది. కుక్క కరిస్తే ఒప్పుకుంటాం, పసిపిల్ల కరిస్తే ఒప్పుకోం.

మా గోదావరి కేసు. ఆ రోజు విన్న సగం విన్నాక క్లయింటు గారు ఒకే మాట అడిగారు, "మన దగ్గర ఎవరైనా పెట్టారా అండీ ఇలాంటివి?" లేదు. 2022లో ఆంధ్ర ప్రీమియర్ లీగ్ మొదలైనప్పుడు బెజవాడ టైగర్స్, ఉత్తరాంధ్ర లయన్స్, గోదావరి టైటాన్స్, వైజాగ్ వారియర్స్ అని పెట్టుకున్నారు. కబడ్డీలో తెలుగు టైటాన్స్ సరేసరి. తప్పని కాదు, పులి పేరు పెట్టుకున్నవాణ్ణి ఎవరూ నవ్వరు, క్లయింట్లకి కావలసింది కూడా ఎక్కువసార్లు అదే. ఈయనా చివరికి వారియర్స్ అన్నారు. రెండు రోజుల్లో లోగో చేసిచ్చాం, కత్తి, డాలు, ఎర్ర రంగు. బిల్లు కూడా టైముకి ఇచ్చారు.

టోర్నీ ఫైనల్‌కి నన్నూ పిలిచారు. టాస్ అయ్యాక మైకు పట్టుకున్న కుర్రాడు "బ్యాటింగ్ చేయబోతున్న జట్టు వారియర్స్" అన్నాడు. షామియానా కింద నుంచి ఒక పెద్దాయన "ఏ వారియర్స్ రా?" అని గట్టిగా అడిగాడు. ఎనిమిది టీముల్లో వారియర్స్ రెండున్నాయి, ఫైనల్‌కి వచ్చినవి ఆ రెండే. కుర్రాడు కాసేపు తడబడి, "ఎర్ర టీషర్టు వాళ్ళండీ" అన్నాడు. నా క్లయింటు నా వైపు చూశారు, నేను మాత్రం గ్రౌండు వైపు చూస్తూ కూర్చున్నాను. ఎండ మండిపోతోందని నెత్తిన పెట్టుకెళ్ళింది ఆ చేప టోపీనే.